యాభై గ్లాసుల ఎసరు

“ఎవర్రా అక్కడ, అన్నం మాడబెడుతున్నది?”

కేక నాలుగిళ్ళ అవతల నుంచి వచ్చింది. వంటల ఆదెమ్మ గొంతు అది. చీరాలలో పెళ్ళయినా, పుట్టెంట్రుకలైనా గుండిగ ఎక్కించాలంటే ముందు ఆవిడకి కబురు వెళ్ళాలి. ఆవిడ ముక్కుకి మాడు వాసన తగిలిందా, పక్క వీధిలో పొయ్యైనా సరే దొరికిపోవలసిందే.

ఇక్కడ పైపుల షెడ్డు పెరట్లో తిరుపాలు గరిట పట్టుకుని ఉన్నవాడు ఉన్నట్టే నిలబడిపోయాడు. ఎదురుగా నడుమెత్తు గుండిగ. కింద నీలం మంట గర్రుమని మోత పెడుతోంది. మూత సందుల్లోంచి ఆవిరి బుసకొడుతోంది. చుట్టూ ఆరుగురు పనివాళ్ళు, అందరి కళ్ళూ అతని మీదే. తిట్టినా బాగుండేది.

“పెద్దమ్మ వస్తోందన్నా,” అన్నాడు వెల్డరు లాజరు మెల్లగా. “నువ్వు దాక్కుంటావా, నన్ను దాక్కోమంటావా?”

రేకుల నీడలో స్టూలు మీద కూర్చుని ఉస్తాద్ ఖాదర్‌వలీ పైపు రెంచీని గుడ్డతో తుడుస్తున్నాడు. ఆయన తల ఎత్తలేదు.

తిరుపాలు వంటవాడు కాదు. ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకోడని వాళ్ళావిడ కోటేశ్వరి ఊరంతా చెబుతుంది. మరి అంత గరిట అతని చేతికి ఎట్లా వచ్చిందంటే, ఆ కథ పొద్దున మొదలైంది. ఇంకా నిజం చెప్పాలంటే నాలుగు రోజుల కిందటే మొదలైంది.

ఖాదర్‌వలీ ఆ షెడ్డులో నలభై ఏళ్ళు నీళ్ళ పైపులు వేశాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇంట్లో కొత్త లైను వేసినా, కుళాయి తిప్పగానే మొదటి గ్లాసు నీళ్ళు ఆ లైను వేసినవాడే తాగాలి. ఇంటివాళ్ళందరూ చూస్తుండగా, అడుగు కనిపించేదాకా తాగాలి. ఆ తర్వాతే ఇంటావిడ బిందె పెట్టేది.

నేర్చుకునే రోజుల్లో తిరుపాలు ఒకసారి తొందరపడి గొట్టం లోపల కడగకుండా బిగించేశాడు. ఉస్తాద్ గ్లాసు నింపి చేతికిచ్చాడు. ఎర్రగా ఉన్నాయి నీళ్ళు. తాగాడు. మూడు రోజులు కడుపు పట్టుకు తిరిగాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో అతను కడగని గొట్టం ఒక్కటి కూడా గోడలోకి పోలేదు.

ఆరేళ్ళ కిందట ఉస్తాద్‌కి మోకాళ్ళు పట్టేశాయి. షెడ్డు తాళాలు తిరుపాలు చేతిలో పెట్టాడు. తిరుపాలు గుమ్మం మీద ‘ఖాదర్‌వలీ పైప్ వర్క్స్’ అని బోర్డు రాయించాడు. నా పేరెందుకురా, తీసెయ్ అని ఉస్తాద్ అంటూనే ఉన్నాడు, బోర్డు అట్లాగే ఉంది.

ఏడుగురు మనుషులు, చేతినిండా పని. ఇళ్ళు, హోటళ్ళు, బోరు మోటార్లు, రెండు రైసు మిల్లులు. ఈమధ్యనే డాక్టర్ శశిరేఖగారు కడుతున్న కొత్త ఆసుపత్రికి నీళ్ళ లైన్లన్నీ వేశారు. ఎక్కడా చుక్క కారలేదు. ఆవిడ సంతోషపడి, తిరుపాలుని పిలిచి, కాగితాలు నాలుగు చేతిలో పెట్టింది.

“ఆక్సిజన్ లైను కూడా మీరే వేసెయ్యండి. సిలిండర్ల గది నుంచి నలభై మంచాలకీ వెళ్ళాలి. మీ పని చూశాను కదా, కొత్తవాళ్ళని ఎక్కడని వెతకను? ఆదివారం సాయంత్రం లోపల మాట చెప్పండి.”

అదీ సంగతి. ఆ క్షణం నుంచి తిరుపాలుకి తిన్నది ఒంటబట్టడం లేదు.

ఎందుకంటే అతనికి ఆ పని కావాలి. ఊళ్ళో తన పేరు ముందు ‘బాత్రూముల’ అని చేర్చి పిలుస్తారు. ఎదుట కాదు గానీ, చాటున పిలుస్తారు. ఆసుపత్రికి ఊపిరి లైను వేసినవాణ్ణి మళ్ళీ ఎవడైనా ఆ పేరుతో పిలుస్తాడా? ఒప్పుకోకపోతే ఇక జన్మంతా కుళాయిలే. కానీ అతను గాని, షెడ్డులో మరొకరు గాని అటువంటి లైను వెయ్యలేదు. వెయ్యగా చూడనైనా లేదు. ఆ గొట్టం చివర ఉండేది బిందె కాదు, మనిషి.

లాజరుకి మాత్రం ఏ అనుమానమూ లేదు.

“గొట్టం గొట్టమే అన్నా. లోపల నీళ్ళు పోతే ఏంటి, గాలి పోతే ఏంటి? నన్నడిగితే గాలే తేలిక. కారినా నేల తడవదు.”

అందరూ నవ్వారు. తిరుపాలు కూడా నవ్వాడు గానీ, ఆ మాట అతన్ని వదల్లేదు.

ఇక ఆ ఆదివారం నెలలో మొదటి ఆదివారం. షెడ్డులో అది పనిముట్ల రోజు. ఆ రోజు బయటి పని ముట్టుకోరు. రెంచీలు, మరలు కోసే డైలు, రంపాలు, గొలుసులు అన్నీ బయటపెట్టి, కడిగి, ఆరబెట్టి, నూనె రాసి మళ్ళీ లోపల సర్దుతారు. మధ్యాహ్నానికి పనివాళ్ళ పెళ్ళాంబిడ్డలు, పాత శిష్యులు, చుట్టుపక్కలవాళ్ళు, అంతా కలిపి అరవై మంది దాకా వస్తారు. పెరట్లో బంతిభోజనం. అన్నంలోకి పప్పు దాల్చా ఉస్తాద్ గారి కోడలు ఇంటి దగ్గర చేసి పంపిస్తుంది. పెరుగు బజారు నుంచి వస్తుంది. అన్నం మాత్రం షెడ్డులోనే, మూడురాళ్ళ పొయ్యి మీద, ఉస్తాద్ చేత్తో.

పొద్దున్నే తిరుపాలు ఆ నాలుగు కాగితాలూ తీసుకుని ఉస్తాద్ ముందు కూర్చున్నాడు.

“ఒప్పుకోనా ఉస్తాద్, మాననా?”

ఉస్తాద్ కాగితాలు దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని అన్నీ చదివాడు. తిరిగి ఇచ్చేశాడు.

“ఇందులో ఎంత నాకు తెలుసో, ఎంత తెలియదో, అది కూడా నాకు తెలియదు బేటా.”

“గొట్టాల్లో మీకు తెలియనిది ఏముంది?”

“నలభై ఏళ్ళూ నేను నీళ్ళే పోశాను. ఊపిరి పొయ్యలేదు.”

“అందుకే అడుగుతున్నాను. సాయంత్రానికి మాట చెప్పాలి.”

“విన్నాను.” ఉస్తాద్ మోకాలు రుద్దుకున్నాడు. “ఇవాళ ఈ కాళ్ళు నా మాట వినేట్టు లేవు. వంట నువ్వు చెయ్.”

తిరుపాలు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనైనా అంటున్నాడేమోనని. ఎవరూ లేరు.

“నేనా? అరవై మందికా?”

“ఎప్పుడూ అన్నం వండలేదా?”

“వండాను. కోటేశ్వరి పురిటికి వెళ్ళినప్పుడు. నా ఒక్కడికీ.”

“అయితే వచ్చు కదా,” అన్నాడు ఉస్తాద్, రెంచీ చేతిలోకి తీసుకుంటూ. “అన్నం అన్నమే.”

చెప్పొద్దూ, తిరుపాలుకి కొంచెం పౌరుషం వచ్చింది. మిల్లుకి ఆవిరి లైను వేసినవాణ్ణి, అన్నం ఒక లెక్కా అనుకున్నాడు. సుద్దముక్క తీసి గచ్చు మీద గీశాడు. తనొక్కడికి గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్ళు. అరవై మందిలో సగం పిల్లలు, కాబట్టి యాభై గ్లాసుల బియ్యం చాలు. నీళ్ళు వంద గ్లాసులు. కింద రెండు గీతలు గీసి లేచాడు.

“కట్టెలతో ఎప్పటికి ఉడుకుతుందన్నా?” అన్నాడు లాజరు. లోపలికి వెళ్ళి, లావు పైపులు ఎర్రగా కాల్చి వంచడానికి వాడే బర్నరు పట్టుకొచ్చాడు. “వంటవాళ్ళు గంట సేపు పొయ్యి ఊదుతారు. మనకి సైన్సుంది.”

బర్నరు గుండిగ కిందికి పోయింది. ఆవిరి వృథాగా పోకూడదని మూత మీద, పైపుల్ని కలిపే గుండ్రటి ఇనప బిళ్ళ, ఆరంగుళాల ఫ్లాంజి ఒకటి బరువు పెట్టారు. పైపులవాళ్ళు కదా, ఆవిరి లీకవుతుంటే చూస్తూ ఊరుకోలేరు.

వాళ్ళలో ఒకడు మాత్రం అన్నాడు. “నాలుగిళ్ళ అవతలే ఆదెమ్మగారుంది కదా, ఒక్కసారి పిలిచి అడిగితే?”

“అన్నానికి కూడా ఆవిడే కావాలా?” అన్నాడు తిరుపాలు. “ఊరంతా చెప్పి నవ్వుతుంది.”

ఉస్తాద్ చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

కాసేపటికి వాసన మొదలైంది. ఆ తర్వాతిదే ఆ కేక.

ఆదెమ్మ రానే వచ్చింది. అరవై దాటిన మనిషి, బొంగరంలా ఉంటుంది. చేతిలో కాఫీ గ్లాసు కూడా పక్కన పెట్టకుండా వచ్చింది. ముందు బర్నరుని చూసింది. తర్వాత మూతని చూసింది.

“ఇదేంట్రా దీని నెత్తిన?”

“ఫ్లాంజి పెద్దమ్మా,” అన్నాడు లాజరు.

“నేనడిగింది దాని పేరు కాదు.” తిరుపాలు వైపు తిరిగింది. “ముందు ఆ రాక్షసి మంట ఆర్పండి.”

మంట ఆరింది. పెరట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆదెమ్మ కొంగుతో మూత ఎత్తింది. పైన అంతా మెత్తగా, జావలాగా. గరిట దించి లేపితే మధ్యలో అక్కడక్కడా పలుకు. అడుగున నల్లటి పొర, గచ్చులా పట్టుకుపోయి ఉంది.

“నీళ్ళెన్ని పోశావు?”

తిరుపాలు గచ్చు మీది లెక్క చూపించాడు. ఆవిడ వంగి, కళ్ళు చిట్లించి చదివింది. నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

“లెక్క తప్పేం కాదు నాయనా. గ్లాసుడు బియ్యానికి అది సరైన లెక్కే. కానీ గ్లాసుడు బియ్యం వండితే నీళ్ళలో సగం ఆవిరైపోతాయి. యాభై గ్లాసులకి మూత బిగించి ఇనుము పెడితే ఆవిరి ఎక్కడికి పోతుంది? పైన ఉన్న అన్నం బరువుకి కింద అన్నం చితుకుతుంది. కింద ఉన్నదానికి మంట, పైన ఉన్నదానికి తడి. ఇంత గుండిగలో ఉండేది ఒక అన్నం కాదు, మూడు అన్నాలు.”

అప్పుడే వీధిలోంచి మాటలు వినిపించాయి. పనివాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు వచ్చేస్తున్నారు. అందరికన్నా ముందు కోటేశ్వరి. గుమ్మంలోనే ఆగి ముక్కెగరేసి గాలి పీల్చింది, మొగుడి చేతిలో గరిట చూసింది.

“దేవుడా,” అంది నెమ్మదిగా, “మాకు భోజనం ఉందంటారా, ఇంటికెళ్ళి వండుకోమంటారా?”

తిరుపాలు గరిట పక్కన పెట్టాడు. ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన రెంచీనే చూసుకుంటున్నాడు.

“పెద్దమ్మా,” అన్నాడు తిరుపాలు. మాటలు కూడదీసుకున్నాడు. “నాకు తెలియదు. మీరు పక్కన నిలబడి చెప్పండి. నేను చేస్తాను.”

“ఈ ముక్క పొద్దున్నే అనుంటే నా కాఫీ చల్లారేది కాదు,” అంది ఆదెమ్మ. గ్లాసు కోటేశ్వరి చేతికిచ్చి కొంగు బిగించింది. “ఇద్దరు మా ఇంటికెళ్ళి నా గుండిగ మోసుకురండి. పొయ్యిలో కట్టెలు పెట్టండి. నువ్విలా రా.”

తిరుపాలు చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఈ చేత్తోనా మళ్ళీ బియ్యం కడుగుతావు?”

“సబ్బుతో కడుక్కున్నాను పెద్దమ్మా.”

“నూనె పోలేదు.”

తిరుపాలు తనూ వాసన చూసుకున్నాడు. “ఏమీ రావట్లేదే.”

“నీకు రాదు. నీ ముక్కు కూడా ఈ షెడ్డులోదే.”

శెనగపిండితో ఒకసారి, చింతపండు పిప్పితో ఒకసారి, గోళ్ళ సందుల్లో కొబ్బరిపీచు పెట్టి ఒకసారి కడిగించింది. మొదటి రెండుసార్లూ ముక్కు దగ్గర పెట్టుకుని, ఉహూ అంది. మూడోసారికి తల ఊపింది. తిరుపాలు కడుక్కుంటున్నంతసేపూ చేతుల్నే చూస్తున్నాడు. తను పుట్టినప్పటి నుంచీ అవి తన చేతులే. వాటి వాసన తనకి తెలియదని ఆ రోజే తెలిసింది.

మళ్ళీ బియ్యం పోసేటప్పుడు గ్లాసు కోసం వెతుకుతుంటే ఆదెమ్మ ఆపింది.

“నీళ్ళు కొలవకు. బియ్యం ఈదాలి. మిగిలింది గంజిగా వారుస్తాం. పెద్ద వంటలో ఎసరు కొలిచేవాడు ఎప్పుడో ఒకప్పుడు మునుగుతాడు.”

మూత వారగా పెట్టించింది. మంట ఎప్పుడు లాగాలో, ఎప్పుడు తొయ్యాలో చెప్పింది. గరిట మాత్రం తను ముట్టుకోలేదు. అడుగు నుంచి తిప్పు, అంచు వెంట తిప్పు అని పక్కన నిలబడే ఉంది. తిరుపాలు చెమటలు కక్కుతూ తిప్పాడు. కొంతసేపటికి ఒక మెతుకు తీసి నొక్కి చూశాడు.

“ఉడికింది పెద్దమ్మా.”

“ఎట్లా తెలుసు?”

“మెతుకు పట్టి చూశాను కదా. ఒక్కటి చాలంటారు.”

“అది చిన్న గిన్నె సామెత,” అంది ఆదెమ్మ. “ఇక్కడ పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి. మూడూ ఒకే మాట చెబితేనే దించు.”

అడుగుది ఇంకా పలుకుంది. మరి కాసేపు ఆగారు.

మూడు మెతుకులూ ఒప్పుకున్నాక, గంజి వార్చడం దగ్గరికొచ్చింది. మరుగుతున్న గుండిగ, నలుగురు మగాళ్ళు పట్టినా కుదుపు లేకుండా వంచడం కష్టం. ఆదెమ్మ గుండిగ మూతికి గుడ్డ కట్టి, “ఎవరెవరు పడతారు? కాళ్ళు జాగ్రత్త. నేను రెండుసార్లు కాల్చుకున్నాను,” అని చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి, మడమ దగ్గర పాత మచ్చ చూపించింది.

తిరుపాలు ఆ మచ్చ చూశాడు. గుండిగ చూశాడు. మొట్టమొదటిసారి ఆ రోజు అతని మొహంలోకి వెలుగొచ్చింది.

“ఎవరూ పట్టొద్దు. లాజరూ, మోటార్లు లేపే స్టాండు తీసుకురా. చైన్ పుల్లీ కూడా.”

మూడుకాళ్ళ ఇనప స్టాండు గుండిగ మీదుగా నిలబెట్టారు. ఒక పక్క కడియానికి గొలుసు తగిలించారు. రెండో పక్కకి ఇటుకలు ఆనించి, కింద తొట్టి పెట్టారు. తిరుపాలు గొలుసు ఒక్కొక్క లంకె చొప్పున లాగాడు. అంత గుండిగా నిద్రపోతున్న పిల్లాణ్ణి పక్కకి ఒత్తిగిల్లబెట్టినట్టు మెల్లగా ఒరిగింది. గంజి తెల్లటి ధారగా తొట్టిలోకి దిగింది. ఒక్క మెతుకు జారలేదు. ఒక్క చుక్క ఎవరి కాళ్ళ మీదా పడలేదు.

ఆదెమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“ముప్పై ఏళ్ళుగా వండుతున్నానురా, నాకెవరూ ఇది చెప్పలేదే.”

“నువ్వు మమ్మల్ని అడగలేదు కదా పెద్దమ్మా,” అన్నాడు లాజరు.

“నోర్ముయ్ ఫ్లాంజీ,” అంది ఆవిడ. ఆ రోజు నుంచి వాడి పేరు అదే అయింది. తర్వాత తిరుపాలుతో, “నాకొకటి చేసిపెట్టరా ఇట్లాంటిది. చిన్నది, మడిచి రిక్షాలో వేసుకునేట్టు,” అంది.

“చేస్తాను.”

ఇక మొదటి గుండిగ మిగిలింది. పనివాళ్ళు దాన్ని పారబోద్దామా అన్నట్టు చూస్తున్నారు. ఆదెమ్మ మాడిన అడుగు కదపకుండా పైపైన మెత్తటి అన్నం మాత్రం వెడల్పాటి పళ్ళేల్లోకి తీయించింది. పలుకున్నది పక్కకి నెట్టింది. చల్లారాక పెరుగు, కాసిని పాలు, ఉప్పు. కోటేశ్వరి అల్లం, పచ్చిమిరపకాయలు తరిగి, కరివేపాకు తిరగమోత పెట్టింది.

“దద్దోజనానికి ఇట్లాంటి మెత్తటన్నమే కావాలి,” అంది ఆదెమ్మ. “నేను కావాలని వండినా ఇంత బాగా చితకదు.”

ఉస్తాద్ స్టూలు మీంచి నెమ్మదిగా లేచి వచ్చాడు. వేలితో కొంచెం దద్దోజనం తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బాగుందన్నట్టు ఆదెమ్మకి తల వంచాడు. తర్వాత తిరుపాలు భుజం మీద చెయ్యి వేసి, గుమ్మం దగ్గర పనిముట్ల కింద ఎగరకుండా పెట్టిన ఆ నాలుగు కాగితాల వైపు చూశాడు.

“చితికిన అన్నం పెరుగులో కలిసింది బేటా,” అన్నాడు. “ఆ నలభై మంచాల దగ్గర ఏదైనా చితికితే, దేంట్లో కలుపుతావు?”

అంతే. వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

తిరుపాలు గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. తర్వాత కాగితాలు తీశాడు. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. నాలుగు రోజుల నుంచీ చదువుతూనే ఉన్నాడు, దాటిపోతూనే ఉన్నాడు. గొట్టాల లోపల గాని, బిగింపుల దగ్గర గాని నూనె, జిడ్డు ఏమాత్రం తగలరాదు. ఆసుపత్రి కదా, శుభ్రత కోసం రాసి ఉంటారనుకున్నాడు. గొట్టానికి మర కోసేటప్పుడు నూనె పొయ్యకపోతే డై తిరగదు. బిగించేముందు వేలితో కాస్త జిడ్డు రాయడం అతనికి ఊపిరి తీసుకోవడమంత అలవాటు. రాస్తున్నట్టు కూడా తెలియదు.

కడిగిన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గోడవారకి వెళ్ళి ఫోను చేశాడు.

“మేడం, నేను తిరుపాలుని. పైపుల పని.”

“చెప్పండి తిరుపాలుగారూ. ఎప్పుడు మొదలుపెడుతున్నారు?”

“ముందు ఒక్క మాట అడగాలి. నూనె తగలకూడదని రాశారు కదా మూడో పేజీలో. అది శుభ్రం కోసమేనా?”

“శుభ్రం ఒక్కటే కాదండీ. ఒత్తిడి మీద ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే అంటుకుంటుంది. మంటలు లేస్తాయి. మీకు తెలుసనుకున్నాను.”

పెరట్లో పిల్లలు విస్తరాకుల కోసం కొట్టుకుంటున్నారు. లాజరు వాళ్ళని అదిలిస్తున్నాడు. తిరుపాలుకి అవన్నీ ఎక్కడో దూరంగా వినిపించాయి.

“నాకు తెలియదు మేడం,” అన్నాడు. ఆ రోజు ఆ మాట రెండోసారి. మొదటిసారి కంటే తేలిగ్గా వచ్చింది. “ఆ లైను నేనెప్పుడూ వెయ్యలేదు. అది చేసి చేసి చెయ్యి తిరిగినవాళ్ళు గుంటూరులో ఉంటారు. లేకపోతే ఇంకోచోట. వెతుకుదాం. లైను బాధ్యత వాళ్ళకే ఇవ్వండి. గోడలు తొలచడం, ఎత్తడం, దించడం, వాళ్ళు ఏది చెబితే అది నా మనుషులు చేస్తారు. నేను వాళ్ళ పక్కన నిలబడి చూస్తాను. వాళ్ళు అన్నిచోట్లా పరీక్ష చేసి సరే అన్నాకే మీరు మంచాలు వెయ్యండి.”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. పనిపోయింది అనుకున్నాడు తిరుపాలు.

“రేపు పదింటికి ఒకసారి రండి,” అంది డాక్టరుగారు. “ఇద్దరం కూర్చుని వెతుకుదాం.”

ఫోను జేబులో పెట్టుకుని వచ్చేసరికి లాజరు ఎదురొచ్చాడు.

“ఏమన్నారన్నా? పనుందా, పోయిందా?”

“సగం ఉంది.”

“ఏ సగం?”

“మనకి వచ్చిన సగం.” రెండడుగులు వేసి ఆగాడు. “లాజరూ, గాలి కారితే నేల తడవదన్నావే.”

“అన్నాను.”

“ఇంకెప్పుడూ అనకు.”

లాజరు తిరుపాలు మొహం చూసి, విస్తళ్ళ కట్ట అందుకున్నాడు.

విస్తళ్ళు పరిచారు. రెండు బంతులుగా కూర్చోబెడదామని కోటేశ్వరి అంటే ఉస్తాద్ వద్దన్నాడు. పెరడు చాలకపోతే గుమ్మం దాకా, గుమ్మం చాలకపోతే వీధి అరుగు దాకా, ఎక్కడివాళ్ళు అక్కడ ఒకేసారి కూర్చోవాలన్నాడు. ఆదెమ్మ వడ్డించబోతే లాజరు గరిట లాక్కున్నాడు. “ఊరందరికీ వడ్డిస్తావు, ఇవాళ కూర్చో పెద్దమ్మా.” “సరేలే ఫ్లాంజీ,” అంటూ ఆవిడ ఉస్తాద్‌కి ఎదురుగా చతికిలబడింది. అన్నం పొగలు కక్కుతోంది, పువ్వుల్లా విడివిడిగా. దాల్చా వాసన పెరడంతా కమ్మింది. దద్దోజనం చివర్లో కదా అని పళ్ళేల్లో పక్కన పెట్టారు.

అందరూ కూర్చున్నారు. ఎవ్వరూ చెయ్యి పెట్టలేదు. పిల్లలకి తెలియక ఒకడు పెట్టబోతే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది.

తిరుపాలుకి మొదట అర్థం కాలేదు. తన విస్తరి ఉస్తాద్ పక్కన ఖాళీగా ఉంది. ఇంకా నిలబడి ఉన్నది తనొక్కడే. వెళ్ళి కూర్చున్నాడు. ఉస్తాద్ తన చేత్తో ఒక ముద్దంత దద్దోజనం తీసి అతని విస్తట్లో పెట్టాడు. అన్నం కంటే ముందు, దాల్చా కంటే ముందు.

అరవై మందీ చూస్తున్నారు. అచ్చం కొత్త కుళాయి ముందు నిలబడ్డట్టే ఉంది.

తిరుపాలు ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు.

“ఎట్లా ఉంది?” అన్నాడు ఉస్తాద్.

తిరుపాలు తన చెయ్యి చూసుకున్నాడు.

“నా ముక్కుకైతే నూనె వాసన రావట్లేదు ఉస్తాద్. పెద్దమ్మనీ అడగండి.”

ఉస్తాద్ అతని వీపు మీద ఒక్కసారి తట్టాడు. తర్వాత వీధి అరుగు మీద కూర్చున్న చివరివాళ్ళకి కూడా వినపడేట్టు గొంతెత్తి, “ఇక తినండి,” అన్నాడు.